పదకొండో వరసలో టిక్కు

పంపుల ఫ్యాక్టరీలో స్టోరుకీపరు ఆయన. ఇరవై రెండేళ్ల సర్వీసు. వాషరు మొదలుకొని మోటారు దాకా ఏ సరుకైనా ఆయన చేతిమీదుగా వెళ్లాల్సిందే. కాగితంలో ఉంది కదా అని ఊరికే టిక్కు పెట్టేసే రకం కాదు. పెట్టె విప్పాలి, బేరింగు బయటికి తియ్యాలి, వేలితో ఓసారి తిప్పి చూడాలి, అప్పుడు పెట్టాలి టిక్కు. లారీ డ్రైవర్లకి ఒళ్లు మండేది. "మీరు టిక్కు పెట్టేలోపు మా లారీకి తుప్పు పట్టేస్తుంది సార్" అని మొహం మీదే అనేవారు. అలా ఆయనకి టిక్కు మాస్టారు అని పేరు పడిపోయింది. ఆ పేరుకి ఆయన నొచ్చుకోలేదు సరికదా, లోలోపల కాస్త మురిసిపోయేవాడు కూడా.

అంతటి మనిషి ఒక తప్పుడు టిక్కు పెట్టాడు. పెట్టడం పొరపాటే, కాదనను. తెలిశాక కూడా దాన్ని చెరపకుండా కూర్చోవడాన్ని మాత్రం పొరపాటు అనడానికి నాకు నోరు రావడం లేదు.

మాస్టారికి ఫ్యాక్టరీ కాక ఇంకో లోకం ఉంది. ఆదివారం పొద్దున్నా, స్టోరులో భోజనాల వేళ క్యారేజీ కడిగేశాక మిగిలిన అరగంటా ఆ లోకంలోనే ఉండేవాడు. బస్సుల వేళలు చూపించే కంప్యూటరు ప్రోగ్రాం ఒకటి తనే రాశాడు. ఎవరు అడిగారని రాశాడంటే, ఎవరూ అడగలేదు. వదిన కోసం రాశాడు.

వదినంటే భార్యకి అక్క. ఎనిమిదో ఏట జ్వరం వచ్చి చూపు పోయింది. గొంతు మాత్రం బంగారం. బస్టాండులో ఎంక్వయిరీ గదిలో కూర్చుని మైకులో బస్సులు పిలిచే ఉద్యోగం ఆవిడది. మొదట్లో పక్కన ఎవరో ఒకరు కాగితం చూసి చెబితే ఆవిడ మైకులో పలికేది. పక్క మనిషి టీకి వెళితే బస్టాండంతా మూగబోయేది. అది చూసి మాస్టారికి మనసు ఆగలేదు. కంప్యూటరు తెర మీద ఉన్న అక్షరాలు చదివి చెవిలో వినిపించే రీడరు ప్రోగ్రాములు అప్పటికే ఉన్నాయి. ఆ రీడరుతో కలిసి పనిచేసేలా బస్సుల ప్రోగ్రాం తయారుచేశాడు. వదిన ఒక చెవికి హెడ్‌ఫోను తగిలించుకుని, రెండు మీటలు నొక్కి, వేళ వినేసి, మరుక్షణం మైకులో చెప్పేది. ఎంత చకచకా చెప్పేదంటే, గది బయట నిలబడ్డవాళ్లకి ఆవిడకి చూపు లేదన్న సంగతే తెలిసేది కాదు. పదకొండేళ్లు అలా జరిగింది.

ప్రోగ్రాం బాగుందని మాస్టారు దాన్ని ఇంటర్నెట్‌లో ఊరికే పెట్టేశాడు. ఎవరైనా వాడుకోవచ్చు, విప్పి లోపల ఏముందో చూడొచ్చు, తమకి కావలసినట్టు మార్చుకోవచ్చు, మార్చింది తిరిగి అందరికీ ఇవ్వొచ్చు. చిన్న చిన్న బస్సు కంపెనీలు, ఆయన ఎన్నడూ చూడని దేశాల్లోవి కూడా, దాన్ని వాడటం మొదలుపెట్టాయి. పనిలో చెయ్యి వేసేవాళ్లు ఒక ఇరవైమంది చేరారు. ఒకరి మొహం ఒకరికి తెలియదు, అంతా ఈమెయిలు ఉత్తరాల మీదే. అందులో మాస్టారిది పెద్దరికం. ఫ్యాక్టరీలో మేనేజరు పిలిస్తే పరిగెత్తాల్సిన మనిషి ఇక్కడ ఒక్క మాట రాస్తే ఇరవైమంది సరేనంటారు. ఆ రుచి మాస్టారికి బాగానే పట్టింది.

ఇలా ఉండగా టూల్‌కిట్ గొడవ వచ్చిపడింది. టూల్‌కిట్ అంటే మరేం లేదు. తెర మీద కనిపించే బటన్లు, మెనూలు, రాసుకునే గళ్లు, ఇవన్నీ ప్రోగ్రాం రాసేవాడు తనే చెక్కుకుంటూ కూర్చోడు. ముందే తయారై ఉన్న సామాను ఒకటి తెచ్చుకుని బిగించుకుంటాడు. మాస్టారు పదకొండేళ్ల క్రితం తెచ్చుకున్న సామాను పాతబడింది. దాన్ని తయారుచేసినవాళ్లు చేతులెత్తేసి మూడేళ్లయింది. కొత్త యంత్రాల్లో అక్షరాలు మసకమసకగా కనిపిస్తున్నాయి, మ్యాక్‌లో అయితే మెనూయే మాయమైపోతోంది. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటి మీదా నడిచే కొత్త టూల్‌కిట్ ఒకటి ఎంచుకోక తప్పని పరిస్థితి.

వడపోత తర్వాత రెండు మిగిలాయి. ఒకటి, ఏ యంత్రం మీద నడిస్తే ఆ యంత్రం దగ్గరే బటన్లు అడిగి తెచ్చుకుంటుంది. అందుకని ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. ఒకచోట బటన్ లావుగా, ఒకచోట సన్నగా. గుంపులోవాళ్లు దానికి అరువు అని పేరు పెట్టారు. రెండోది ఎవరినీ ఏమీ అడగదు. తెర మీద తెల్లకాగితం పరుచుకుని అన్నీ తనే గీసుకుంటుంది, తనే రంగులు వేసుకుంటుంది. ఎక్కడ చూసినా ఒకేలా, నునుపుగా, ముచ్చటగా ఉంటుంది. దాని పేరు రంగు.

రెండు నెలలు కొట్టుకున్నారు. అరువులో బటన్ల మూలలు గుండ్రంగా లేవని ఒకాయన వారంపాటు అలిగి ఉత్తరాలు మానేశాడు. రంగు వాడితే ప్రోగ్రాం సైజు ఏనుగంత అవుతుందని ఇంకొకాయన రోజూ చెవిలో ఇల్లు కట్టుకుని పోరేవాడు. మాస్టారి మనసు ఎప్పుడో రంగు మీద పడింది. ఒక ఆదివారం సరదాకి అందులో బస్సు దారుల పటం గీసి చూశాడు. దారులు మెత్తగా వంపులు తిరుగుతూ, ఒక్కోటీ ఒక్కో రంగులో మెరుస్తుంటే, అది తన చేత్తో చేసిందంటే తనకే నమ్మబుద్ధి కాలేదు. దాని బొమ్మ గుంపుకి పంపితే పదకొండుమంది ఆహా ఓహో అన్నారు. ఇరవై రెండేళ్లుగా నట్లూ బోల్టులూ లెక్కపెడుతున్న మనిషిని ఇంత అందమైన పని చేశావని ఎవరు మెచ్చుకున్నారు గనక!

అయినా పెద్దమనిషి కదా, పక్షపాతం కనిపించకూడదు. అందుకని పట్టిక ఒకటి తయారుచేశాడు. పద్నాలుగు వరసలు. మూడు యంత్రాల మీదా నడుస్తుందా, త్వరగా తెరుచుకుంటుందా, అన్ని భాషల లిపులూ సరిగ్గా కనిపిస్తాయా, రేపెప్పుడో వచ్చి ఇది మాది వాడొద్దంటారా, ఇలా. ప్రతి వరసా ఎవరో ఒకరు స్వయంగా పరీక్షించి టిక్కు పెట్టాలి, ఆ తర్వాతే ఓట్లు. ఆ నియమం మాస్టారిదే.

పదకొండో వరస రాయించింది లెక్కల టీచరు. రిటైరైన పంతులమ్మ, ఎక్కడో దూరదేశం. ఆవిడది అరువు పక్షం. నెమ్మదిగా, ఒక్కో మాటా తూచి రాసే మనిషి. "చూపు లేనివాళ్ల రీడరు బటన్ పేరుని యంత్రాన్ని అడిగి తెలుసుకుంటుంది. అరువు బటన్ యంత్రం సొంతం కాబట్టి దానికి తెలుసు. రంగు బటన్ ఉత్త బొమ్మ. అది బటన్ అని టూల్‌కిట్ పనిగట్టుకుని చెబితే తప్ప యంత్రానికి తెలియదు. రంగు చెబుతోందా? ఎవరైనా చెవులతో విని చూశారా?" అని అడిగింది.

ఇందులో తప్పేముంది? ఏమీ లేదు. మాస్టారికి మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. తన రంగుకి అడ్డుపుల్ల వేస్తోందనుకున్నాడు. ఇలా రాశాడు: "ఈ ప్రోగ్రాం పుట్టిందే చూపు లేని మనిషి కోసం. ఆవిడ మా ఇంటి మనిషి. ఈ సంగతి నాకు ఎవరూ నేర్పక్కర్లేదు." గుంపంతా గప్‌చుప్. ఇక ఎవరు మాట్లాడతారు? టీచరు మాత్రం "క్షమించండి, నాకు తెలియదు" అని ఒక్క ముక్క రాసి ఊరుకుంది.

ఆ ఆదివారం పొద్దున్నే మాస్టారు పరీక్షకి కూర్చున్నాడు. రీడరు పెట్టాడు, హెడ్‌ఫోను తగిలించుకున్నాడు, కళ్లు గట్టిగా మూసుకుని మీట నొక్కాడు. "బయలుదేరే చోటు" అంది గొంతు. ఇంకోసారి నొక్కాడు. "చేరే చోటు." ఇంకోసారి. "వెతుకు బటన్." ఒళ్లు పులకరించింది. భార్య పక్క గదిలో బట్టలు మడతపెడుతుంటే గట్టిగా కేకేశాడు.

"ఏమే, పలుకుతోంది!"

"ఏం పలుకుతోందండీ?"

"రంగు! నీకు అర్థం కాదులే. మీ అక్కకి మాత్రం చెప్పకు. అంతా పూర్తయ్యాక ఒక్కసారే చూపిస్తాను."

"ఓసారి అక్కనే పిలిచి వినిపించకూడదూ? చెవి దానిదే కదా" అంది ఆవిడ.

"అప్పుడిక సర్‌ప్రైజ్ ఏముంటుంది?" అన్నాడు మాస్టారు. అని, పదకొండో వరసలో రంగు కింద టిక్కు పెట్టేశాడు. రంగుకి తొమ్మిది ఓట్లు, అరువుకి ఏడు, రంగు గెలిచింది. ఇంటి మనిషి చెవితో తేల్చిన సంగతి కదా అని మధ్యలో ఊగుతున్న ఇద్దరు ముగ్గురు ఇటు వచ్చారు. ఆ మాట వాళ్లే రాశారు.

ఏడు వారాలు గడిచాయి. కొత్త వెర్షన్ ఇరవై ఎనిమిదో తారీకున విడుదల అనుకున్నారు. పందొమ్మిదో తారీకు మధ్యాహ్నం స్టోరులో, బేరింగుల అలమార పక్కన బల్ల మీద, మాస్టారు ల్యాప్‌టాప్ తెరిచి ఆఖరిసారి అంతా చూసుకుంటున్నాడు. ఆయన పనిచేసేటప్పుడు తెర మీద ప్రోగ్రాం వెనకాల ఎప్పుడూ ఒక నల్ల కిటికీ, అంటే అక్షరాలు పడే చిన్న విండో, తెరిచి ఉంటుంది. మీట నొక్కినప్పుడల్లా ఏం జరిగిందో అందులో ఒక ముక్క రాసి పెట్టమని ప్రోగ్రాంకి తనే చెప్పుకున్నాడు. "బయలుదేరే చోటు." "వెతుకు బటన్." ఎక్కడైనా తప్పు దొర్లితే పట్టుకోవడానికి. రాసేవాళ్లందరికీ ఉండే అలవాటే అది. వాడేవాళ్ల దగ్గర ఆ కిటికీ ఉండదు.

ఆ రోజు ల్యాప్‌టాప్ నత్తలా నడుస్తుంటే ఆ నల్ల కిటికీ మూసేశాడు. తర్వాత, పని అయిపోయిందన్న సంబరంలో, మళ్లీ ఓసారి విందామని హెడ్‌ఫోను పెట్టుకుని మీట నొక్కాడు.

చప్పుడు లేదు.

హెడ్‌ఫోను ఊడిందేమో అనుకున్నాడు. ఊడలేదు. మళ్లీ నొక్కాడు. లేదు. నల్ల కిటికీ తెరిచాడు, గొంతు వచ్చింది. మూశాడు, పోయింది. మూడుసార్లు తెరిచి, మూడుసార్లు మూశాడు. అప్పటికి గాని ఆయన బుర్రకి ఎక్కలేదు. రీడరు చదివింది రంగు బటన్లని కాదు. ఆ నల్ల కిటికీలో పడుతున్న అక్షరాలని. ఆ ఆదివారం కళ్లు మూసుకుని ఒళ్లు పులకరించిపోయింది తన రాత తనే విని. రంగుతో చేసిన ప్రోగ్రాం మొదటినుంచీ మూగది.

విడుదలకి ఇంకా తొమ్మిది రోజులున్నాయి. "నా పరీక్ష తప్పు, పదకొండో వరసలో టిక్కు తీసేస్తున్నాను, విడుదల ఆపండి" అని మూడు ముక్కలు రాస్తే సరిపోయేది. రాయడం మొదలుపెట్టాడు కూడా. "నా పరీక్ష" దాకా వచ్చేసరికి, తను టీచరుకి రాసిన మాటలు కళ్ల ముందు నిలబడ్డాయి. నాకు ఎవరూ నేర్పక్కర్లేదు. రాసింది చెరిపేశాడు. రంగు తయారుచేసేవాళ్లు తమ పేజీలో రీడరు సదుపాయం త్వరలో వస్తుందని రాసుకున్నారు. దాన్ని పట్టుకుని వేలాడాడు. ఈలోపు చూపు లేనివాళ్లు మన ప్రోగ్రాం ఎంతమంది వాడుతున్నారని? వచ్చే వెర్షన్‌లో నేనే గుట్టుగా సర్దేస్తాను. ఇలా తొమ్మిది రోజులు తనకి తనే నచ్చచెప్పుకున్నాడు. బేరింగు తిప్పి చూడందే టిక్కు పెట్టని మనిషి, తిరగదని తెలిసిన బేరింగుకి పెట్టిన టిక్కు అలాగే ఉంచాడు. వదిన సంగతి ఆ తొమ్మిది రోజుల్లో గుర్తు రాలేదా అంటే, వచ్చింది. గుర్తొచ్చినప్పుడల్లా లేచి స్టోరులో ఏదో ఒక అలమార సర్దడం మొదలుపెట్టేవాడు.

ఇరవై ఎనిమిదిన విడుదలైంది. నాలుగు దేశాల నుంచి అభినందనలు వచ్చాయి. టీచరు కూడా "పటం చాలా అందంగా ఉంది" అని రాసింది.

వదిన ఆ తర్వాతి ఆదివారం రాలేదు, ఆపై ఆదివారం వచ్చింది. చేతికర్రతో దారి వెతుక్కుంటూ, ఒంటరిగా, భుజానికి సంచీతో. వచ్చీ రాగానే సంచీలోంచి తన హెడ్‌ఫోను తీసి బల్ల మీద పెట్టింది.

"మరిదిగారూ, మిమ్మల్ని క్షమించమని అడగడానికి వచ్చానండీ" అంది.

"అయ్యో, అదేంటి వదినా?"

"మీ ప్రోగ్రాం పాడు చేశాను."

భార్య చేతిలో మంచినీళ్ల గ్లాసుతో గుమ్మంలోనే ఆగిపోయింది. వదిన జరిగింది జరిగినట్టు చెప్పుకొచ్చింది. కొత్త వెర్షన్ వచ్చింది, వేసుకుంటారా అని కంప్యూటరు అడిగింది. మరిదిగారిది కదా అని అందరికంటే ముందు సరే నొక్కింది. అప్పట్నుంచీ గొంతు లేదు. ఏదో తప్పు మీట నొక్కి ఉంటాననుకుంది. హెడ్‌ఫోను మార్చింది. కంప్యూటరు ఆపి మళ్లీ పెట్టింది. ఎవరికీ చెప్పలేదు.

"నాకైనా ఫోను చెయ్యొచ్చు కదే అక్కా?" అంది చెల్లెలు.

"ఎలా చేస్తానే? పదకొండేళ్లు పలికింది ఇవాళ పలకలేదంటే లోపం నా దగ్గరే ఉంటుంది కదా. మరిదిగారు పనిమీద ఉంటారు, నా తెలివితక్కువతనం కోసం ఆయన్నేం విసిగిస్తాను? వేళలన్నీ నోటికి వచ్చినవే కాబట్టి, నోటితోనే లాక్కొచ్చాను. నెల మొదటి వారంలో వేళలు మారతాయని తెలుసు. ఏవి మారాయో తెలియలేదు. పక్కవాళ్లని అడిగితే కంప్యూటరు పాడుచేశావా అంటారని భయం."

అయిదో తారీకున ఎనిమిదీ పది బస్సు ఏడూ యాభైకి మారి, ప్లాట్‌ఫారం కూడా మారింది. ఆవిడ పాత వేళే, పాత ప్లాట్‌ఫారమే పిలిచింది. నర్సింగు పరీక్షకి వెళ్లాల్సిన ఆరుగురు అమ్మాయిలు ఆ మాట నమ్ముకుని రెండో ప్లాట్‌ఫారం మీద కూర్చున్నారు. అయిదో ప్లాట్‌ఫారం నుంచి బస్సు వెళ్లిపోయింది. ఆటో చేసుకుని ఇద్దరు అందుకున్నారు, నలుగురు పరీక్ష రాయలేకపోయారు. మర్నాడు మెమో. ఆ మర్నాడు ఆవిడని మైకు దగ్గర్నుంచి తీసి, బస్సుల్లో మరిచిపోయిన గొడుగులూ సంచులూ పెట్టే గదిలో వేశారు.

"ఒకమ్మాయి గది దగ్గరికొచ్చి ఏడ్చిందండీ. నన్ను తిట్టడానికే వచ్చింది, నన్ను చూశాక తిట్టలేక ఏడ్చింది. నాకు తల కొట్టేసినట్టయింది" అంది వదిన. "ఓసారి చూసి చెప్పండి, నేనేం నొక్కానో. మళ్లీ అలా నొక్కకుండా ఉంటాను."

ఇదీ మాస్టారు నోరు విప్పాల్సిన చోటు. విప్పాడు. విప్పి ఏమన్నాడో తెలుసా? "మీ రీడరు పాతదైపోయి ఉంటుంది వదినా. చూస్తాను" అన్నాడు.

వదిన మొహం తేటపడింది. "అంతేనంటారా?" అంది. భార్య మాత్రం గ్లాసు పట్టుకుని ఆయనవైపే చూస్తూ ఉండిపోయింది. ఆవిడకి టూల్‌కిట్లు తెలియవు. మొగుడి మొహం తెలుసు. అక్క వెళ్లాక ఏమీ అడగలేదు, అన్నం పెట్టేటప్పుడు కూడా మాట్లాడలేదు. అడిగి ఉంటేనే బాగుండేదనిపించింది మాస్టారికి. అద్దంలో మొహం చూసుకుని గడ్డం గీసుకోవడానికి కూడా సిగ్గేసింది.

మంగళవారం టీచరు నుంచి ఉత్తరం వచ్చింది. గుంపుకి కాదు, ఆయనొక్కడికే. చూపు లేనివాళ్లు ఇద్దరు తనకి రాశారట, కొత్త వెర్షన్ పలకడం లేదని. "నేనూ ప్రయత్నించాను, నాకూ పలకలేదు. తప్పు నా దగ్గరే ఉండొచ్చు. మీ ఇంట్లో పలికిందన్నారు కదా, మీరు ఎలా అమర్చారో చెబితే నేర్చుకుంటాను."

నేర్చుకుంటాను. ఆ మాట మీద మాస్టారి చూపు నిలవలేదు. ఒకావిడ తప్పు నాదేనని హెడ్‌ఫోను తెచ్చి ముందు పెట్టింది, ఇంకొకావిడ తప్పు నాదే కావచ్చని ఉత్తరం రాసింది. తప్పు చేసినవాడు మాత్రం క్యారేజీ విప్పుకుని కూర్చున్నాడు. మూత పెట్టేసి ల్యాప్‌టాప్ తెరిచాడు. ఈసారి గుంపు మొత్తానికి రాశాడు. నల్ల కిటికీ సంగతి రాశాడు. పందొమ్మిదో తారీకునే తెలుసని రాశాడు. మా ఇంటి మనిషి చెవితో పరీక్షించలేదు, ఆవిడ పేరు వాడుకున్నానంతే అని రాశాడు. టీచరు అడిగింది సరైన ప్రశ్నని, తను ఇచ్చింది పొగరుబోతు జవాబని రాశాడు. మళ్లీ చదువుకుంటే పంపలేనని తెలిసి, చదవకుండానే పంపేశాడు. మేనేజరుని సగం రోజు సెలవడిగి బస్టాండుకి బయల్దేరాడు.

మరిచిపోయిన సామాన్ల గది మరుగుదొడ్ల వెనకాల ఉంది. రేకు అలమారల నిండా గొడుగులు, టిఫిను డబ్బాలు, ఒంటి చెప్పులు. వదిన స్టూలు మీద కూర్చుని ఒక సంచీలో ఏముందో తడిమి చూస్తోంది. అడుగుల చప్పుడు వినగానే "మరిదిగారా?" అంది. "రీడరు కొత్తది తెచ్చారా?"

"రీడరు బాగానే ఉంది వదినా. మీరు తప్పు మీటేమీ నొక్కలేదు. నేను పంపిన కొత్త ప్రోగ్రామే మూగది."

నిలబడే చెప్పాడు, మొత్తం. ఒక్కచోట నీళ్లు నమిలాడు, ఆవిడ "ఊఁ, చెప్పండి" అంది. అంతా విన్నాక సంచీ మూతి కట్టి పక్కన పెట్టింది.

"మీకు ఎప్పుడు తెలిసిందండీ?"

"పందొమ్మిదో తారీకున."

"నేను సరే నొక్కింది ఇరవై ఎనిమిదిన."

"అవును."

"అంటే, నేను నొక్కకముందే తెలుసు మీకు."

"తెలుసు వదినా."

ఆవిడ తిడుతుందనుకున్నాడు. తిట్టి ఉంటే కాస్త ఊపిరాడేది. ఆవిడ నిజంగా అర్థం కాకనే అడిగింది.

"మీ గుంపుకి చెప్పడానికి మొహం చెల్లలేదు, సరే. నాకొక్కదానికి ఫోను చేసి, వదినా, ఈసారి సరే నొక్కొద్దు అని ఉంటే సరిపోయేది కదండీ? ఎందుకని కూడా అడిగేదాన్ని కాదు. పాతదే ఉంచుకునేదాన్ని."

మాస్టారు తొమ్మిది రోజుల్లో తొంభై ఉపాయాలు ఆలోచించాడు గానీ, ఈ ఒక్క ఫోను సంగతి తట్టలేదు. తట్టలేదా, తట్టనివ్వలేదా? ఫోను చేస్తే, తనకి తెలుసన్న సంగతి ఇంకొకరికి తెలిసిపోతుంది. అంతే. దాని కోసం నలుగురు అమ్మాయిల పరీక్ష, ఈవిడ మైకు. గొడుగుల మధ్య నిలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు, యాభైకి దగ్గరపడుతున్న మనిషి. ఆవిడ ఓదార్చలేదు. ఏడుపు తగ్గేదాకా ఆగి, "పదండి, ఈ మాట డిపో మేనేజరుకి చెబుదురు గాని" అని కర్ర అందుకుంది.

డిపో మేనేజరుకి అరువూ రంగూ ఏమీ అర్థం కాలేదు. "ఇవన్నీ నాకెందుకు గానీ, తప్పు ఎవరిదో అది చెప్పండి" అన్నాడు.

"నాది సార్."

"ఆవిడది ఏమీ లేదా?"

"ఏమీ లేదు సార్."

"అయితే రాసివ్వండి." తెల్లకాగితం ముందుకి తోశాడు. "అమ్మా, మీరైనా మొదటి రోజే చెప్పొద్దూ?" అన్నాడు వదినతో. ఆవిడ తలదించుకుంది. ఆ దించుకోవడం చూసి మాస్టారు, తప్పంతా నాదే అన్న పంక్తి కింద ఇంకో గీత గీశాడు.

మెమో వెనక్కి తీసుకున్నారు. ఆ సాయంత్రమే మాస్టారు ఎంక్వయిరీ గదిలో పాత వెర్షన్ తిరిగి వేశాడు. వదిన చేతే అన్ని మీటలూ నొక్కించి, ఆవిడ సరే అన్నాకే లేచాడు. గుంపు రంగుని పక్కన పెట్టింది, పట్టిక మళ్లీ మొదటినుంచి మొదలైంది. ఈసారి పెద్దరికం టీచరుది. పదకొండో వరస పరీక్షించడానికి చూపు లేనివాళ్లు ఇద్దరు చేరారు. మాస్టారిని ఎవరూ వెళ్లిపొమ్మనలేదు. ఒకాయన "అందరికీ జరుగుతుందిలెండి" అని కూడా రాశాడు. జరగదని మాస్టారికి తెలుసు. ఆ నలుగురు అమ్మాయిలకి పరీక్ష మళ్లీ వచ్చే ఏడాదే.

రెండు వారాల తర్వాత ఒక పొద్దున, ఫ్యాక్టరీకి వెళ్తూ వెళ్తూ, బస్టాండులో దిగాడు. వదిన గొంతు వినాలనిపించింది. గదికి వెళ్లడానికి మొహం చెల్లక, మూడో ప్లాట్‌ఫారం మీద స్తంభం పక్కన నిలబడ్డాడు. మైకు గరగరమంది.

"ప్రయాణికులకి గమనిక. రెండో ప్లాట్‌ఫారం నుంచి బయలుదేరు బస్సు..."

గొంతు అదే బంగారం. హమ్మయ్య అనుకున్నాడు. అంతలో ఆ గొంతు ఆగింది. మైకు ఆపడం మరిచిపోయినట్టుంది, పక్కనున్న గుమస్తా అమ్మాయితో అంటున్న మాట బస్టాండంతా వినిపించింది.

"ఇదిగో తల్లీ, ఓసారి తెర చూసి చెప్పవా, తొమ్మిదీ ఇరవయ్యేనా?"

"అదే అక్కా. మీకు చెవిలో చెప్పింది కదా?"

"చెప్పిందిలే. అయినా ఓసారి చూడు."

"తొమ్మిదీ ఇరవయ్యే."

"...తొమ్మిదీ ఇరవై నిమిషాలకి బయలుదేరును."

ప్రయాణికులెవరూ తలెత్తి కూడా చూడలేదు. ఎవరి సామాన్లు వాళ్లు సర్దుకుంటున్నారు. పాత వెర్షన్ నిక్షేపంలా పలుకుతూనే ఉంది. ఇంకెవరినీ అడగక్కర్లేకుండా బతకాలనే ఆవిడకి ఆ ప్రోగ్రాం రాసిచ్చాడు. ఫ్యాక్టరీ వేళ దాటిపోతున్నా కదలలేక, మాస్టారు ఇంకో నాలుగు బస్సులు వెళ్లేదాకా ఆ స్తంభం పక్కనే నిలబడ్డాడు. నాలుగుసార్లూ అడిగింది.